హాంబర్గర్ మెనూ

యాప్‌లో పైమూలన కనిపించే మూడు అడ్డగీతలను డిజైనర్లు హాంబర్గర్ అంటారు. పైనా కిందా బన్ను, మధ్యలో మాంసం బిళ్ల. పేరు తర్వాత పెట్టిందే. బొమ్మను 1981 నాటి జిరాక్స్ స్టార్ కంప్యూటర్ కోసం నార్మ్ కాక్స్ గీశాడు. దొరికిన చోటు నిలువూ అడ్డం 16 పిక్సెళ్లే. అంతలో జాబితాను చూపాలంటే గీతలే గతి. కొత్తవాళ్లకు మాత్రం అది విండో వేడెక్కకుండా గాలాడే కంత అని సరదాగా చెప్పేవారట! స్మార్ట్‌ఫోన్ల ఇరుకు తెరలతో దానికి గిరాకీ పెరిగింది. మెనూను ఇలా దాచేస్తే జనానికి కావలసింది దొరకడం తగ్గుతుందని 2016లో డిజైన్ల వాడుక తీరును పరిశోధించే సంస్థ నీల్సన్ నార్మన్ గ్రూప్ పరీక్షించి చెప్పింది. నిజమే మరి. మన ఇళ్లలో అమ్మకు ఫోన్‌లో మెనూ ఎక్కడుందో చెప్పేటప్పుడు బర్గర్ ఊసే ఉండదు: “పైన మూడు గీతలున్నాయి చూడమ్మా, అవి నొక్కు. చుక్కలు కాదు, గీతలు!”