యూదుల నీతి మరణశాసనములు : కొన్ని అరుదైన ముద్రిత గ్రంథములు

గతించువాడు తన ఆస్తి యెవరెవరికి చెందవలెనో నిర్ణయించి వ్రాయు పత్రమును మనము మరణశాసన మందుము. యూదులలో దీనికి తోడుగా వేఱొకవిధమైన శాసనము వ్రాయు ఆచారము చిరకాలము నుండి కలదు. అందు ఇండ్లు, నగలు, అప్పులు కానరావు. తండ్రి తాను నమ్మిన ధర్మమును, నడచిన మార్గమును బిడ్డలకు చెప్పి, ఆ త్రోవను నడువుడని కోరును. హీబ్రూ భాషలో మరణశాసనమునకు 'త్సవాఆ' యని పేరు. ఆజ్ఞాపించుట యను అర్థముగల ధాతువు నుండి ఈ పదము పుట్టినది. ఆస్తిని పంచుకొన్నకొలది భాగము తగ్గును. ఈ రెండవ తరగతి శాసనము ప్రతిబిడ్డకును సంపూర్ణముగనే దక్కును.

ఈ ఆచారమునకు మూలము బైబిలులోనే కలదు. ఆదికాండము 49వ అధ్యాయమున యాకోబు మరణశయ్యపై కుమారులను పిలిచి పలికిన మాటలు దీనికి మాతృకలు. మధ్యయుగమున, దక్షిణ ఫ్రాన్సునందలి లూనెల్ పట్టణములో నివసించిన యూదా ఇబ్న్ తిబ్బోన్ అను 12వ శతాబ్దపు అనువాదకుడు కుమారుడైన సామ్యూలునకు వ్రాసిన శాసనము ప్రసిద్ధము. చదువునందు అశ్రద్ధ చూపెనని కొడుకును మందలించి, తాను కూర్చిన పుస్తకములను ఎట్లు కాపాడవలెనో అందు వివరించెను. అట్లు మందలింపబడిన సామ్యూలే తరువాత మైమొనిడీసు మహాగ్రంథమును అరబ్బీ నుండి హీబ్రూలోనికి పరివర్తించి తండ్రిని మించిన కీర్తి నార్జించెను. ఈ శాసనము వ్రాతప్రతిగనే యుండి 1852లో గాని బెర్లినులో అచ్చుకాలేదు.

అచ్చుయంత్రము వచ్చిన పిమ్మట ఇట్టి గృహపత్రములు సర్వజన పాఠ్యములైనవి. ఇందుకు హోరోవిట్స్ వంశము చక్కని నిదర్శనము. అబ్రహాము హోరోవిట్స్ తన కుమారులకు వ్రాసిన 'యెష్ నొహలిన్' అను శాసనము, కుమారుడగు యాకోబు చేర్చిన వ్యాఖ్యలతో 1615లో ప్రాగ్ నగరమున ముద్రితమయ్యెను. ఈ పేరునకు 'వారసులగువారు కలరు' అని అర్థము. యూదుల ధర్మశాస్త్రమున దాయభాగమును విచారించు అధ్యాయమునకు ఇదియే పేరు. ఆస్తి పంపకపు శీర్షికను నీతిబోధకు పెట్టుటలోనే గ్రంథకర్త ఆశయము వ్యక్తమగుచున్నది. ఆయన మఱియొక కుమారుడు ఇషయా, 1621లో ప్రాగ్ విడిచి పుణ్యభూమికి తరలి, తన సంతానమును ఉద్దేశించి పెద్ద గ్రంథమును రచించెను. దానిని ఇషయా కొడుకు షెఫ్తెల్ 1648-49లో ఆమ్‌స్టర్‌డాములో అచ్చువేయించి, తన పీఠికను చేర్చెను. ఆ నగరపు పాఠశాలలలో బాలురు ముందు బైబిలును, పిదప ధర్మశాస్త్రమును క్రమముగా నేర్చుచుండుట చూచి, మన దేశములందు ఇట్లేల జరుగదని కంట తడిపెట్టితినని అతడందు వ్రాసెను. షెఫ్తెల్ సైతము తన బిడ్డలకొక శాసనము వ్రాసెను.

వీటన్నిటిలో నన్ను మిక్కిలి ఆకర్షించినది విల్నా నగరపు ఎలీజా (1720-1797) లేఖ. రబ్బీ పదవి నేదియు వహింపకపోయినను ఈయన ఆ కాలపు యూదు పండితులలో అగ్రగణ్యుడు. పుణ్యభూమికి బయలుదేరి, దారిలోనుండి కుటుంబమునకు ఈ లేఖ వ్రాసెను. యాత్ర నెరవేరక మరలివచ్చెను. పరనింద కూడదనియు, తన తల్లిని గౌరవింపవలెననియు, పిల్లలకు చదువు సౌమ్యముగా చెప్పవలెననియు అందు కోరెను. తన పుస్తకములలో 'సామెతల' గ్రంథము ఇంటిభాషయందలి అనువాదముతో కలదనియు, దానిని ప్రతిదినము చదువవలెననియు వేడుకొనెను. ఆ ఇంటిభాష యిడ్డిష్. హీబ్రూ లిపిలో వ్రాయబడు జర్మానిక్ భాష. ఆనాటి స్త్రీలలో పలువురకు హీబ్రూ చదువు లేదు. 1836లో మిన్స్కు నగరమున ఈ లేఖ అచ్చయ్యెను.

ఇట్టి ముద్రణలు నేడు అరుదగుటకు కారణములు లేకపోలేదు. పెక్కు కొద్ది పుటల పొత్తములు. గట్టి అట్ట కట్టించి బీరువాలో దాచినవి కావు, చేత పట్టుకొని చదివినవి. చిరిగిన పవిత్ర లిఖితమును పాఱవేయక భూమిలో పూడ్చిపెట్టుట యూదుల ఆచారము. అగ్నిప్రమాదములు, బహిష్కారములు మిగిలినవానిని హరించినవి. ప్రాగ్ రబ్బీ డేవిడ్ ఓప్పెన్‌హైమ్ (1664-1736) గొప్ప గ్రంథములతోపాటు ఇట్టి చిన్న పొత్తములను సైతము సేకరించి, ప్రాగ్‌లోని ప్రభుత్వ పరిశీలకులకు దూరముగా హానోవరులో నుంచెను. 1829లో ఆ భాండాగారమును ఆక్స్‌ఫర్డులోని బాడ్లియన్ గ్రంథాలయము కొనుటచే అది చెదరక నిలిచినది. ఇజ్రాయెల్ ఏబ్రహామ్స్ కూర్చిన పలు శాసనములు ఆంగ్లానువాదముతో రెండు సంపుటములుగా 1926లో ప్రకటింపబడెను.

తరతరములుగా పరభాషా ప్రాంతములందు వసించుచు, పిల్లలకు తెలుగు నేర్పుచున్న మనకు విల్నా పండితుని లేఖ ఒక విశేషమును తెలుపుచున్నది. చదువుడని ఆజ్ఞాపించుట ఒకయెత్తు. చదువదగిన పుస్తకమును, చదువగల భాషలో, ఇంట నుంచుట మఱియొకయెత్తు. ఆయన రెండును చేసెను. మన పెద్దల ఉత్తరములును, దినచర్యలును, లెక్కపుస్తకముల అంచులందలి హితవాక్యములును కొన్ని యిండ్ల పెట్టెలలో నేటికిని ఉండవచ్చును. వానిని వెలికితీసి, చదువగలవారు ఉండగనే మనుమల యెదుట చదివి వినిపించి, ప్రతులు వ్రాయించుట మన చేతిలోని పని. పిలిచి చదివించువారు లేనినాడు ఎంతటి హితవాక్యమైనను పెట్టెలోని కాగితముగనే మిగులును.