ఆలస్య నమోదు జరిమానాపై అప్పీలు

సొంతంగా వ్యాపారం చేసుకునేవారు గడువులోగా జీఎస్టీ నమోదు చేయించుకోనందుకు పడిన జరిమానాను పై అధికారి ముందు సవాలు చేయడం. అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలంలోని టైడా వంటి పర్యాటక ఊళ్లలో గదులు అద్దెకిచ్చేవారికి, వాహనాలు తిప్పేవారికి దీని అవసరం రావచ్చు.

ఆంధ్రప్రదేశ్‌లో సేవలు అందించేవారి టర్నోవరు ఏడాదికి 20 లక్షల రూపాయలు, సరుకులు మాత్రమే అమ్మేవారిది 40 లక్షలు దాటితే 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి. షెడ్యూల్డ్ ప్రాంతమన్న కారణంగా మినహాయింపు లేదు. అయితే తన పొలంలో పండించిన మిరియాలు, రాజ్మా, అల్లం అమ్ముకునే గిరిజన రైతుకు జీఎస్టీ చట్టం 23వ సెక్షన్ ప్రకారం ఆ పంట మేరకు నమోదు బాధ్యతే ఉండదు. నోటీసు చేతికొస్తే మొదట చూసుకోవలసింది ఇదే.

2017 నాటి ఈ చట్టం 122వ సెక్షన్ కింద 10,000 రూపాయలు లేదా ఎగవేసిన పన్నుకు సమానమైన మొత్తం, ఏది ఎక్కువైతే అది జరిమానా. ఉత్తర్వు అందిన 3 నెలల్లో ఏపీఎల్-01 ఫారంలో అప్పీలు చేయాలి. తగిన కారణం చూపితే మరో నెల ఇస్తారు. ఆపైన జాప్యాన్ని మన్నించే అధికారం అప్పీలు అధికారికి చట్టం ఇవ్వలేదు. ఫోను సిగ్నలు సరిగా అందని కొండ ఊళ్లకు ఈ గడువు చాలా కఠినం. వివాదంలోని పన్నులో 10 శాతం ముందే కట్టాలి. 2025 సవరణతో, జరిమానా ఒక్కటే ఉన్నా అందులో 10 శాతం కట్టాలి.

తానే ముందుకొచ్చి తప్పు చెప్పుకుంటే ఆ సంగతిని 126వ సెక్షన్ కింద అధికారి పరిగణించవచ్చు. చట్టమే మొత్తాన్ని ఖరారు చేసిన జరిమానాలకు మాత్రం ఆ వెసులుబాటు లేదు.