అహమ్మదాబాదు విద్యుత్ సంగీతశాల – గీతా సారాభాయి

భారతీయ సంగీత చరిత్ర గ్రంథాలలో గాయనీమణులకు, వైణికురాండ్రకు, నర్తకీమణులకు సముచిత స్థానమే లభించింది. అయితే విద్యుత్ పరికరాల ద్వారా నాదాన్ని సృష్టించే ప్రయోగాత్మక సంగీతం మన దేశంలో ఎప్పుడు, ఎక్కడ ఆరంభమైనది, అందులో స్త్రీల పాత్ర ఎట్టిది అన్న విషయాలపై చరిత్రకారుల దృష్టి చాలాకాలం ప్రసరించలేదు. 1969 నుండి 1972 వరకు అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో ఒక విద్యుత్ సంగీతశాల పనిచేసింది. అందులో స్వరరచన చేసిన కొద్దిమందిలో గీతా సారాభాయి ఒకరు. ఆమె పేరు సంగీత లోకానికి కొత్తది కాదు. కాని అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్‌కు భారతీయ సంగీతం బోధించిన మహిళగానే ఆమె ప్రసిద్ధి పొందినది. ఆమె స్వయంగా రూపొందించిన సంగీతం దాదాపు అర్ధ శతాబ్దం టేపులలోనే ఉండిపోయినది.

1922లో జన్మించిన గీత, అహమ్మదాబాదు మిల్లు యజమాని అంబాలాల్ సారాభాయి, సరళాదేవి దంపతుల కుమార్తె. స్వాతంత్ర్య సమరయోధురాలు మృదులా సారాభాయి ఆమెకు అక్క. అంతరిక్ష పరిశోధనకు పునాది వేసిన విక్రమ్ సారాభాయి అన్న. గీత ఎనిమిది సంవత్సరాలపాటు గాత్రం, తాళవాద్యం, సంగీతశాస్త్రం అభ్యసించినది. ఆమె చేపట్టిన వాద్యం పఖవాజ్. ధ్రుపద్ గానానికి సహకారంగా వాయించే ఈ గంభీర వాద్యం తరతరాలుగా పురుషుల చేతిలోనే ఉండేది. దానిని అభ్యసించిన తొలి మహిళలలో ఆమె ఒకరు. స్త్రీకి పరిచితం కాని వాద్యాన్ని చేపట్టే ధైర్యం విద్యుత్ యంత్రాన్ని సమీపించడానికి చాలా ముందే ఆమెలో ఉన్నదని దీనివలన తెలుస్తుంది.

1946లో గీత న్యూయార్క్ వెళ్ళినది. పాశ్చాత్య సంగీత ప్రభావం భారతీయ సంగీతంపై ఎట్టి మార్పులు తెస్తుందో అన్న ఆందోళన ఆమెను అక్కడికి నడిపించినది. దూరాన ఉండి నిందించక, ఆ సంగీతాన్ని స్వయంగా అధ్యయనం చేయాలని ఆమె సంకల్పించినది. శిల్పి ఇసాము నొగూచి ద్వారా జాన్ కేజ్ పరిచయమైనాడు. ఆమె భారతీయ సంగీతం నేర్పేటట్లయితే తాను రుసుము లేకుండా పాశ్చాత్య సంగీతం బోధిస్తానని కేజ్ అంగీకరించాడు. ఆ విద్యా వినిమయం కొన్ని నెలలపాటు సాగింది. సంగీత ప్రయోజనమేమని కేజ్ ప్రశ్నించగా, మనస్సును శాంతపరచి దివ్య ప్రభావాలకు పాత్రం చేయడమే ప్రయోజనమని తన గురువు చెప్పిన భావాన్ని ఆమె వివరించినది. ఆ మాట కేజ్ ఆలోచనా సరళిని మార్చినది. తరువాతి కాలంలో ఆయన దానిని అనేక పర్యాయాలు స్మరించాడు. స్వదేశానికి మరలే ముందు ఆమె ఆయనకు శ్రీరామకృష్ణుల బోధామృత గ్రంథాన్ని కానుకగా ఇచ్చినది. 1946–48 మధ్య కేజ్ రచించిన ‘సొనాటాస్ అండ్ ఇంటర్‌లూడ్స్’కు భారతీయ రస సిద్ధాంతం ఆధారమైనది.

పాశ్చాత్య సంగీత చరిత్రకారులు ఈ వృత్తాంతాన్ని విస్తారంగానే వ్రాశారు. అయితే వారి రచనలలో గీత కేజ్ జీవితంలో ప్రవేశించి, ఒక్క వాక్యం చెప్పి నిష్క్రమించే పాత్ర మాత్రమే. ఆ తరువాత ఆమె ఏమి చేసినదన్న ప్రశ్న అరుదుగా వినిపించేది. ఆమె 1949లో సంగీత్ కేంద్ర అనే సంస్థను నెలకొల్పి భారతీయ సంగీత సంపదను భద్రపరచే కృషి చేపట్టినది. 1964లో మెర్స్ కన్నింగ్‌హామ్ నృత్య బృందం ప్రపంచ యాత్రలో అహమ్మదాబాదు వచ్చినప్పుడు కేజ్, పియానో విద్వాంసుడు డేవిడ్ ట్యూడర్ ఆ బృందంలో ఉన్నారు. సారాభాయి కుటుంబం వారికి ఆతిథ్యమిచ్చినది. ఐదేళ్ళ తరువాత నెలకొన్న సంగీతశాలకు ఈ మైత్రి దోహదం చేసినది.

చార్ల్స్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు 1958లో భారత ప్రభుత్వానికి సమర్పించిన నివేదిక ప్రేరణతో 1961లో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడినది. గీత సోదరుడు గౌతమ్, సోదరి గిరా ఆ సంస్థను తీర్చిదిద్దారు. 1969లో డేవిడ్ ట్యూడర్ అక్కడికి వచ్చి మోగ్ సింథసైజర్‌ను, టేపు యంత్రాలను అమర్చి సంగీతశాలను ప్రారంభించాడు. మోగ్ యంత్రంలో తీగ, చర్మం, గాలిగొట్టం వంటివేవీ ఉండవు. విద్యుత్ ప్రకంపనలు నాదానికి మూలం. ఒక భాగం ప్రకంపనలను పుట్టిస్తుంది. మరొకటి వాటిలో కొన్నింటిని వడగట్టి నాదగుణాన్ని మారుస్తుంది. ఇంకొకటి హెచ్చుతగ్గులను శాసిస్తుంది. ఈ భాగాలను తీగలతో కలిపే పద్ధతిని బట్టి నాదం మారుతుంది. ఆ విధంగా పుట్టిన శబ్దాన్ని టేపుపై ముద్రించి, కత్తిరించి, అతికించి కృతిగా కూర్చేవారు. తంబురా శ్రుతిలో లీనమై నాదసూక్ష్మాలను గుర్తించడానికి అలవాటుపడిన భారతీయ కళాకారుల చెవికి ఈ యంత్రం పూర్తిగా పరాయిది కాదు.

అతుల్ దేశాయి, ఐ.ఎస్. మాథుర్, ఎస్.సి. శర్మ, జినరాజ్ జోషీపురా మొదలైనవారు అక్కడ పనిచేశారు. దేశాయి జపాన్‌లోని ఒసాకా 1970 ప్రపంచ ప్రదర్శనకోసం ధ్వని ముద్రణలు చేశాడు. వారి సరసన గీతా సారాభాయి ‘గీతిక’ పేర కృతి రూపొందించినది. 1946లో పాశ్చాత్య ప్రభావాన్ని గూర్చి కలతపడిన విద్యార్థిని, నలభై ఏడేళ్ళ వయస్సులో పాశ్చాత్య యంత్రాన్ని తన చేతితో నడిపి సొంత నాదాన్ని వెదకుకొన్నది. ఈ పరిణామం ఆమెను కేవలం సంగీత పోషకురాలిగా పరిగణించే దృష్టిని సవరించుకోవలసిన అవసరాన్ని సూచిస్తున్నది.

విద్యుత్ సంగీతంలో స్త్రీల కృషి మరుగునపడడం భారతదేశానికి మాత్రమే పరిమితం కాదు. బ్రిటన్‌లో డాఫ్నీ ఓరమ్ 1949లోనే వాద్యబృందాలను, గ్రామఫోన్లను, విద్యుత్ పరికరాలను మేళవించి ‘స్టిల్ పాయింట్’ రచించగా, అది 2016 వరకు ప్రదర్శనకు నోచుకోలేదు. 1963లో ‘డాక్టర్ హూ’ టెలివిజన్ ధారావాహికకు శీర్షికా సంగీతాన్ని టేపుపై రూపొందించిన డెలియా డెర్బీషైర్ పేరు 2013లో గాని ఆ ధారావాహిక తెరపై కనిపించలేదు. అక్కడ సంస్థల నియమాలు, అనాదరణ అవరోధాలైనాయి. గీతకు సంపద, విద్య, అండగా నిలిచే సంస్థ అన్నీ ఉన్నవి. అయినను ఆమె కృషి మరుగునపడినది. 1972 తరువాత సంగీతశాల కార్యకలాపాలు నిలిచిపోయినవి. అటువంటి కుటుంబ బలం లేని యువతులు ప్రవేశించదగిన ద్వారం తెరచుకోకమునుపే మూతపడినది. చరిత్రకు వాటిల్లిన నష్టంలో ఇదే పెద్దది.

ఈ విస్మృతికి మరొక కారణం టేపు సంగీత స్వభావంలోనే ఉన్నది. త్యాగరాజస్వామి కీర్తన శిష్యపరంపర కంఠాలలో జీవిస్తుంది. పాశ్చాత్య కృతి స్వరలిపిలో నిలుస్తుంది. టేపు కృతికి ఈ రెండు ఆధారాలూ లేవు; టేపే కృతి. తేమ తగిలి పూత రాలినా, బూజు పట్టినా, పెట్టెపై వివరాలు వ్రాయకపోయినా, దానిని మరల పాడి వినిపించగల శిష్యులుండరు. సంగీత సంపదను భద్రపరచడానికి సంస్థను స్థాపించిన వ్యక్తి సొంత కృతియే ఇట్టి ప్రమాదానికి గురికావడం ఆలోచింపదగిన విషయం.

గీతా సారాభాయి 2011లో పరమపదించినది. 2017లో బ్రిటిష్ కళాకారుడు పాల్ పర్గస్ డిజైన్ సంస్థ భాండారంలోని టేపులను పరిశీలించి వెలుగులోనికి తెచ్చాడు. 2020లో బి.బి.సి. రేడియో ఈ వృత్తాంతాన్ని ప్రసారం చేసినది. 2023లో ఎంపిక చేసిన కృతులు సంకలనంగా వెలువడినవి. టేపులను భద్రపరచిన భాండారం లేకున్నచో ఈ పునరుద్ధరణ సాధ్యమయ్యేది కాదు. కాని ఆ కృతుల కర్త తన జీవితకాలంలో ఆ ఆదరణ చూడలేకపోయినది.

దేశంలోని ఆకాశవాణి కేంద్రాలు, చలనచిత్ర శబ్దశాలలు, విశ్వవిద్యాలయాలు గడచిన దశాబ్దాలలో ముద్రించిన టేపులకు లెక్కలేదు. వాటిలో ఎవరి కృషి నిక్షిప్తమై ఉన్నదో తెలియాలంటే, ప్రతి టేపుపై స్వరకర్త పేరు, సహాయకుల పేర్లు, సంవత్సరం నమోదు చేయడం, కాలం మించకముందే ప్రతులు తీయించడం అవసరం. ఇది ఆడంబరం లేని కార్యాలయపు పని. అయినను ఒక మహిళ చరిత్రలో స్వరకర్తగా నిలుస్తుందా, మరొకరి జీవితకథలో ప్రస్తావనగా మిగులుతుందా అన్నది పెక్కు సందర్భాలలో ఆ పని మీదనే ఆధారపడి ఉంటుంది.