అడ్వాన్సు ఇచ్చి ఓడ ఎక్కించారు: మారిషస్, డెమెరారా వెళ్లిన కొండ మనుషుల కథ



మొన్న సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ఒక తమ్ముడు మమ్మల్ని అడిగాడు. "అన్నా, మాల్దీవుల్లో హోటల్ పనంట. టికెట్ వాళ్లే పెడతారంట, జీతంలో నెలనెలా పట్టుకుంటారంట. పోవచ్చా?" పొమ్మనడానికీ వద్దనడానికీ మాకు నోరు రాలేదు. ఊళ్లో పని లేదని మాకూ తెలుసు. కానీ "టికెట్ వాళ్లే పెడతారు, జీతంలో పట్టుకుంటారు" అనే మాట మాత్రం ఎక్కడో చదివినట్టు అనిపించింది. వెతికితే అది 1834 నాటి మాట. అప్పుడు ఆ మాట విని ఓడ ఎక్కినవాళ్లు ఆదివాసీలే.

మన పాఠ్యపుస్తకాల్లో ఒప్పంద కూలీల గురించి ఒక పేరా ఉంటుంది. బీహార్ నుంచి, మద్రాసు నుంచి పోయారని రాస్తారు. మొదట పోయింది ఎవరో రాయరు.

బ్రిటిష్ వాళ్లు 1833లో బానిసత్వం రద్దు చేస్తూ చట్టం చేశారు. మారిషస్‌లో 1835 ఫిబ్రవరి నుంచి అది అమల్లోకి వచ్చింది. చెరకు తోటల యజమానులకు భయం పట్టుకుంది, రేపటి నుంచి చెరకు ఎవడు కొడతాడని. వాళ్ల కళ్లు కలకత్తా మీద పడ్డాయి. అక్కడ 'ధాంగర్లు' అని పిలిచే కూలీలు ఉండేవాళ్లు. ఛోటానాగ్‌పూర్ కొండల నుంచి దిగి వచ్చిన ఉరావ్, ముండా తదితర జనం. నీలిమందు ఫ్యాక్టరీల్లో, కాలువ పనుల్లో చేసి మళ్లీ కొండకి పోయేవాళ్లు. అసలు కొండ ఎందుకు దిగారు? జమీందార్లు, కౌలు తీసుకున్న బయటివాళ్లు, వడ్డీ వ్యాపారులు కలిసి భూములు లాగేసుకున్నారు. 1831–32లో కోల్ తిరుగుబాటు వచ్చింది, సైన్యం దాన్ని అణిచేసింది. అది జరిగిన రెండేళ్లకే ఓడ వచ్చింది. ఈ రెండు సంగతుల్నీ ఎవరూ ఒక పేజీలో రాయరు, మేం మాత్రం కలిపే చదవాలంటాం.

1834 సెప్టెంబర్ 10న కలకత్తాలో 36 మంది కొండ కూలీలతో ఒప్పందం రాయించారు. అయిదేళ్లు పని. నెలకి 5 రూపాయలు జీతం, తిండి, బట్ట. ఆరు నెలల జీతం ముందే అడ్వాన్సు. తిరుగు ప్రయాణం ఖర్చు కింద నెలకి ఒక రూపాయి కోత. మేజిస్ట్రేటు ముందు చదివి వినిపించారు కూడా, అంటే కాగితం ప్రకారం అంతా సక్రమమే! 'అట్లాస్' అనే ఓడ వాళ్లని నవంబర్ 2న పోర్ట్ లూయీ రేవులో దింపింది. మారిషస్‌లో ఇప్పటికీ ఆ రోజు సెలవు.

దీవి ఎంత ఉంటుందంటే దాదాపు 1,865 చదరపు కిలోమీటర్లు. మన పాత ఆదిలాబాద్ జిల్లాలో ఎనిమిదో వంతు కూడా ఉండదు. అసలు కష్టం ఇక్కడే ఉందని మాకనిపిస్తుంది. ఇంటి దగ్గర జమీందారు పీడిస్తే ఆదివాసీకి ఒక దారి ఉండేది. గూడెం ఎత్తేసి ఇంకో కొండకి పోయి, అడవి నరికి పోడు కొట్టుకునేవాడు. మన తాతలు చేసిందీ అదే కదా. చిన్న దీవిలో ఆ దారి లేదు. ఒక తోట దాటితే ఇంకో తోట, అది దాటితే సముద్రం. యజమానే జీతం ఇచ్చేవాడు, బియ్యం కొలిచేవాడు, ఇల్లు ఇచ్చేవాడు. మేజిస్ట్రేటు యజమాని బల్ల దగ్గర భోంచేసేవాడు. ఫిర్యాదు ఎవరికి చెప్తావు?

'డబుల్ కట్' అని ఒక రూలు ఉండేది. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవాళ్లు. జ్వరం వచ్చి పడుకున్నా పని ఎగ్గొట్టినట్టే రాసిన యజమానులు ఉన్నారు. 1867లో ఇంకో చట్టం తెచ్చారు. ఒప్పందం తీరినవాళ్లు కూడా ఫొటో అతికించిన పాసు వెంట పెట్టుకోవాలి. అది లేకుండా రోడ్డు మీద దొరికితే దేశదిమ్మరి కింద జైలు. అదే కాలంలో దీవిలో మలేరియా పడింది, వేలాది మంది చచ్చిపోయారు. 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తోట యజమాని కూలీల పక్షాన అర్జీ పెట్టాడు. దాని మీద తొమ్మిది వేలకు పైగా పాత కూలీలు సంతకాలు, గుర్తులు పెట్టారు. దాంతో రాయల్ కమిషన్ వచ్చి విచారించింది, అన్యాయాలు నిజమేనని తేల్చింది. మొదటి ఓడ దిగిన దాదాపు 40 ఏళ్లకి!

అందరికీ నష్టమే జరిగిందని చెప్పడం కూడా తప్పు. కొందరు డబ్బు కూడబెట్టి తిరిగొచ్చారు. 19వ శతాబ్దం చివర్లో తోటలు ముక్కలు చేసి అమ్మినప్పుడు కొందరు భూమి కొన్నారు. మన తెలుగువాళ్లు కూడా కాకినాడ పక్కనున్న కోరంగి రేవు నుంచి వెళ్లారు. 1839 తుపానుకి కోరంగి నాశనమైంది గానీ, దీవిలో తెలుగువాళ్లకి 'కొరింగీలు' అనే పేరు మిగిలింది. ఇవాళ అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు. బడిలో తెలుగు, తమిళం, మరాఠీ, ఉర్దూ నేర్పుతారు. కురుఖ్ లేదు, ముండారీ లేదు. ముందుగా దిగినవాళ్ల భాషే అక్కడ లేకుండా పోయింది. ఎక్కువమంది ఒంటరి మగవాళ్లు, ఆడవాళ్లు తక్కువ. పుట్టిన పిల్లలు క్రియోల్, భోజ్‌పురి మాట్లాడారు. రిజిస్టర్‌లో తెగ పేరు రాసే చోట 'ధాంగర్' అనో 'కూలీ' అనో గీసేశారు. అది వాళ్లు పెట్టుకున్న పేరు కాదు.

తోట యజమానులకి ఆదివాసీలంటే ఎందుకంత ఇష్టమో కూడా ఉత్తరాల్లో ఉంది. దక్షిణ అమెరికాలోని డెమెరారాలో, అంటే ఇప్పటి గయానాలో, జాన్ గ్లాడ్‌స్టోన్ అనే పెద్దమనిషికి తోటలుండేవి. తర్వాత బ్రిటన్ ప్రధాని అయిన విలియం గ్లాడ్‌స్టోన్ ఈయన కొడుకే. 1836లో ఈయన కలకత్తా కంపెనీకి ఉత్తరం రాసి కూలీలు కావాలన్నాడు. కంపెనీ ఇచ్చిన జవాబు సారాంశం ఇది: ధాంగర్లకి కులం పట్టింపుల్లేవు, తిండి తిప్పలు పెద్దగా లేవు, ఎక్కడికి పోతున్నారో ఎంత దూరమో వాళ్లకి తెలియదు. చివరి ముక్క చూడండి. తెలియకపోవడాన్ని ఒక అర్హతగా రాశారు.

1838 జనవరిలో 'విట్‌బీ', 'హెస్పరస్' ఓడలు కలకత్తా నుంచి బయల్దేరాయి. మే 5కి డెమెరారా చేరాయి, దారిలోనే కొందరు పోయారు. దాదాపు 400 మంది దిగారు. గ్లాడ్‌స్టోన్ తోట పేరు 'వ్రీడ్ ఎన్ హూప్'. డచ్చి భాషలో శాంతి, ఆశ అని అర్థమంట. ఆ తోటలో కూలీల్ని కొరడాతో కొట్టి పుండ్ల మీద ఉప్పు రాశారని సాక్ష్యాలు బయటికొచ్చాయి. బానిసత్వ వ్యతిరేక సంఘం నుంచి జాన్ స్కోబుల్ 1839లో వెళ్లి చూసొచ్చి ఇంగ్లండులో గొడవ చేశాడు. అదే ఏడాది కూలీల ఎగుమతిని ఆపారు. కానీ 1842లో మారిషస్‌కి, ఆ తర్వాత కరీబియన్‌కి మళ్లీ తెరిచారు. పూర్తిగా ఆగింది 1917లోనే.

డెమెరారా వెళ్లినవాళ్ల ఒప్పందం 1843లో తీరింది. 236 మంది కలకత్తా ఓడ ఎక్కారు. దాదాపు 60 మంది అక్కడే ఉండిపోయారు. వందకి కాస్త తక్కువమంది ఆ అయిదేళ్లలో చనిపోయారు. ఇద్దరి ఆచూకీ దొరకలేదని లెక్కల్లో ఉంది.

మాల్దీవుల తమ్ముడికి ఇదంతా చెప్పాం. అంతా విని ఒకటే అడిగాడు: "అన్నా, నా కాగితం ఇంగ్లీషులో ఉంది, కాస్త చదివి చెప్తారా?" మాలో ఇద్దరం ఆదివారం కూర్చుని చదవబోతున్నాం. టికెట్ కోత ఎన్ని నెలలో, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుందో, మధ్యలో మానేస్తే ఏమవుతుందో ముందు అవే చూస్తాం. ఇలాంటి కాగితం మీలో ఎవరి దగ్గరైనా ఉంటే ఆ ఆదివారమే తీసుకురండి.