లోపలి కక్ష్యలో గడియారం

భీమవరం దగ్గరి గొరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు ఇల్లు విడిచి, హిమాలయాల్లో సాధన చేసి స్వామి జ్ఞానానంద అయ్యారు. తర్వాత ఐరోపా వెళ్లి భౌతికశాస్త్రం పట్టారు.

ప్రాగ్‌లో ఎక్స్ కిరణాల వర్ణపటాలు నేర్చుకున్నారు. లివర్‌పూల్‌లో, న్యూట్రాన్‌ను కనుగొన్న చాడ్విక్ దగ్గర, బీటా కిరణాల మీద పనిచేశారు. మొదటిది కేంద్రకం చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్ల కథ, రెండోది కేంద్రకం కడుపులోని కథ. ఒకదాంట్లో తలపండినవాళ్లకు రెండోది పొరుగూరు. ఆ రెండూ చేతనైన మనిషి 1956లో విశాఖలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగాన్ని నెలకొల్పడం తెలుగువాళ్ల అదృష్టం.

1969లో ఆయన కన్నుమూశారు. తొమ్మిదేళ్లకు, ఆ రెండు కథలూ ఎలా ముడిపడతాయో సియాటిల్‌లో జాన్ బ్లెయిర్ బృందం చూపించింది.

వాళ్లు ప్రోటాన్లను నికెల్ రేకు మీదికి పంపారు. కేంద్రకానికి అతి దగ్గరగా వెళ్లిన ప్రోటాన్ ఒక్కోసారి అన్నిటికన్నా లోపలి కక్ష్యలోని ఎలక్ట్రాన్‌ను తన్నేస్తుంది. ఆ ఖాళీలోకి పై ఎలక్ట్రాన్ దిగినప్పుడు ఎక్స్ కిరణం వెలువడుతుంది. ఆ దెబ్బ ప్రోటాన్ లోపలికి పోయేటప్పుడైనా తగలొచ్చు, తిరిగి వచ్చేటప్పుడైనా తగలొచ్చు. ఈ రెండు అవకాశాలూ చెరువులో అలల్లా ఒకదానితో ఒకటి కలుస్తాయి. మరి మధ్యలో కేంద్రకం ప్రోటాన్‌ను కాసేపు పట్టి ఉంచితే? రెండో అల ఆలస్యమవుతుంది. కలయిక మారుతుంది, ఎక్స్ కిరణాల లెక్కా మారుతుంది.

ప్రోటాన్ శక్తి 31.5 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర సరిగ్గా అదే జరిగింది. చెదిరిన ప్రోటాన్‌తో జతగా వచ్చిన ఎక్స్ కిరణాలనే వాళ్లు ఏరి లెక్కపెట్టారు. ఆ 'కాసేపు' ఎంతనుకున్నారు? సెకనును లక్ష కోట్ల ముక్కలు చేసి, అందులో ఒక ముక్కను మళ్లీ కోటి ముక్కలు చేస్తే వచ్చేంత! ఏ గడియారానికీ అందని ఆ వ్యవధిని ఎలక్ట్రాన్ కొలిచిపెట్టింది. ఈ విద్యలో ఇంతకన్నా అందమైన ప్రయోగం అరుదు.

ఇలాంటి పనికి ముందుగా కావలసింది శూన్యం. అంత శక్తి ఉన్న ప్రోటాన్ కూడా మామూలు గాలిలో జానెడు పోకముందే ఆగిపోతుంది. ప్రోటాన్లు పోయే గొట్టంలోంచి గాలిని తోడెయ్యడమే ఒక పెద్ద విద్య. దాని మీద 1947లో 'హై వాక్యువా' పేరుతో పుస్తకం రాసింది స్వామి జ్ఞానానందే.

ఇప్పుడు హైదరాబాద్‌లో, పదార్థాల కూర్పును పరీక్షించే జాతీయ కేంద్రంలో 30 లక్షల వోల్టుల టాండెట్రాన్ అనే కణ త్వరణ యంత్రం ఉంది. దాని గొట్టంలో కూడా గాలి ఉండదు. ఎక్స్ కిరణాలతో, కేంద్రక చర్యలతో అక్కడ పదార్థాల గుట్టు విప్పుతున్నారు.