ఓటు చీలితే ఎవరికి లాభం? అమెరికాలో ఆ లెక్క ఓటరే వేసుకోవాలి

సంక్రాంతికి నలుగురు తెలుగువాళ్లు ఒక ఇంట్లో చేరితే కబుర్లు అరిసెల పాకం దగ్గర మొదలై గ్రీన్ కార్డు దగ్గరికి వస్తాయి. అక్కడి నుంచి హెచ్-1బీకి పెట్టిన లక్ష డాలర్ల ఫీజు, ప్రాపర్టీ టాక్స్, హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం, పిల్లల స్కూల్ సరిహద్దులు మార్చేయడం. గంటసేపు అందరూ తిట్టుకున్నాక ఎవరో ఒకరు "ఎవరికి వేసినా ఒరిగేదేముందండీ" అంటారు. ప్లేట్లు తీసేస్తారు, మాట మారిపోతుంది.

ఈ నవంబర్ 3న మధ్యంతర ఎన్నికలు. ప్రతినిధుల సభలో మొత్తం 435 సీట్లకూ, సెనేట్‌లో మూడో వంతు సీట్లకూ పోలింగ్ జరుగుతుంది. కానీ మనలో చాలామంది ఉండే నియోజకవర్గాల్లో ఫలితం నవంబర్ కంటే ముందే, ప్రైమరీలోనే తేలిపోతుంది. ఓటును ఆలోచించి వాడుకోవాలంటే అదే సమయం. ఆ లెక్కలు ఎలా ఉంటాయో ఒకచోట రాసి పెడితే పనికొస్తుందని ఈ ప్రయత్నం.

ఓటు చీలడం అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రజారాజ్యం 18 సీట్లే గెలిచింది. కానీ ప్రభుత్వ వ్యతిరేక ఓటును చీల్చి కాంగ్రెస్‌కు 156 సీట్లు రావడానికి దారి వేసిందని ఇప్పటికీ వాదించుకుంటాం. 2022 మార్చిలో ఇప్పటంలో జరిగిన జనసేన సభలో పవన్ కల్యాణ్ ప్రభుత్వ వ్యతిరేక ఓటు చీలనివ్వనని ప్రకటించారు. 2024లో తెలుగుదేశం, జనసేన, బీజేపీ పొత్తుకు 175లో 164 సీట్లు వచ్చాయి. జనసేన పోటీ చేసిన 21 చోట్లా గెలిచింది. అంటే అక్కడ ఈ లెక్క పార్టీలే కూర్చుని వేస్తాయి, సీట్లు పంచుకుంటాయి, మనం గుర్తు చూసి వేసి వస్తాం.

ఇక్కడ అలాంటి సీట్ల సర్దుబాటు దాదాపు ఉండదు. కాబట్టి ఆ పని ఓటరు మీద పడుతుంది. బాగా నచ్చిన అభ్యర్థికి గెలిచే అవకాశం లేదనిపిస్తే, గెలవగలిగిన ఇద్దరిలో కాస్త నయమైన వాళ్లకు వేయడాన్ని వ్యూహాత్మక ఓటు అంటారు. బ్రిటన్‌లో ఇది మామూలు విషయం. 2024 జూలై ఎన్నికల్లో అక్కడ రిఫార్మ్ పార్టీకి 14 శాతం ఓట్లు వస్తే దక్కినవి 5 సీట్లు. లిబరల్ డెమోక్రాట్లకు 12 శాతానికే 72 వచ్చాయి. ఎక్కడ బలం ఉందో అక్కడే ఓట్లు పోగు చేసుకోవడం, అధికార పార్టీని దించాలనుకున్నవాళ్లు స్థానికంగా ఎవరు బలంగా ఉంటే వాళ్లకు వేయడం, రెండూ కలిసొచ్చాయి.

అమెరికాలో దీనికి పాఠంలా చెప్పేది 2000 నాటి ఫ్లోరిడా. అక్కడ బుష్‌కు గోర్ మీద వచ్చిన మెజారిటీ 537 ఓట్లు. గ్రీన్ పార్టీ తరఫున నిలబడిన రాల్ఫ్ నాడర్‌కు అదే రాష్ట్రంలో 97 వేలకు పైగా పడ్డాయి. ఆ ఎన్నికల ముందే కొందరు ఓట్ల మార్పిడి మొదలుపెట్టారు. పోటీ గట్టిగా ఉన్న రాష్ట్రంలోని నాడర్ అభిమాని గోర్‌కు వేస్తాడు, బదులుగా ఫలితం ముందే తెలిసిన రాష్ట్రంలోని గోర్ అభిమాని నాడర్‌కు వేస్తాడు. కాలిఫోర్నియా అధికారులు కేసులు పెడతామని బెదిరిస్తే ఆ సైట్లు మూతపడ్డాయి. చివరికి 2007లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు, ఇలాంటి ఒప్పందాలు భావప్రకటన స్వేచ్ఛ కిందికే వస్తాయని తీర్పు చెప్పింది. ఓటుకు డబ్బు తీసుకుంటే మాత్రం నేరమే.

అయితే ఫ్లోరిడా కథ ఇరవై అయిదేళ్ల కిందటిది. మన ఇళ్ల పక్కన రోజూ జరిగేది ప్రైమరీల లెక్క.

వర్జీనియా సంగతి చూడండి. హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ గత జూన్‌లో అక్కడి లెఫ్టినెంట్ గవర్నర్ పదవికి డెమోక్రాటిక్ ప్రైమరీలో నిలబడ్డారు. మొత్తం ఆరుగురు అభ్యర్థులు. ఆమె గెలిచింది 28 శాతం లోపు ఓట్లతో. మొదటి ముగ్గురి మధ్య తేడా రెండు శాతం కూడా లేదు. నవంబర్‌లోనూ ఆమే గెలిచారు. జూన్‌లో సెలవులకు ఇండియా వెళ్లిన కుటుంబాలు ఎటు మొగ్గి ఉండేవో గానీ, అంత సన్నటి తేడా ఉన్నచోట అవి లెక్కలోకి వచ్చే ఓట్లే.

కాలిఫోర్నియాలో ఇంకో రకం చిక్కు. అక్కడ పార్టీలన్నిటి అభ్యర్థులూ ఒకే ప్రైమరీలో పోటీ చేస్తారు, మొదటి ఇద్దరు నవంబర్‌కు వెళ్తారు. 2012లో 31వ నియోజకవర్గంలో నలుగురు డెమోక్రాట్లు ఓట్లు పంచుకోవడంతో ఇద్దరు రిపబ్లికన్లు పైకి వచ్చారు. అదే నవంబర్‌లో అదే నియోజకవర్గంలో అధ్యక్ష పదవికి ఒబామాకు మెజారిటీ వచ్చింది, కాంగ్రెస్‌కు మాత్రం రిపబ్లికనే వెళ్లారు. 2024లో సెనేట్ పోటీలో ఉన్న ఆడమ్ షిఫ్ అయితే తన ప్రచారం డబ్బుతో రిపబ్లికన్ స్టీవ్ గార్వీ గురించి ప్రకటనలు వేయించారు. సొంత పార్టీకి చెందిన కేటీ పోర్టర్ కంటే గార్వీ ఎదురుగా ఉంటే నవంబర్ తేలికవుతుందని లెక్క. అలాగే జరిగింది కూడా. నాయకులు ఇంత లెక్క వేసుకుంటున్నప్పుడు ఓటరు వేసుకుంటే తప్పేమిటి?

ఇప్పుడు రాష్ట్రాల వారీగా. టెక్సస్, జార్జియా, వర్జీనియా, ఇల్లినాయ్, మిషిగన్‌లలో ఏ పార్టీ ప్రైమరీలోనైనా ఓటేయొచ్చు, ఒకదానిలోనే. నార్త్ కరోలినాలో ఏ పార్టీలోనూ నమోదు కానివాళ్లకు ఆ వీలుంది. న్యూజెర్సీలో పార్టీ నమోదు లేనివాళ్లు ప్రైమరీ రోజున ఎంచుకోవచ్చు. ఇప్పటికే ఒక పార్టీలో ఉన్నవాళ్లు మారాలంటే 55 రోజుల ముందే మారాలి. న్యూయార్క్, పెన్సిల్వేనియా, ఫ్లోరిడా తలుపులు మూసుకున్న రాష్ట్రాలు. గడువులోగా పార్టీలో నమోదు కాకపోతే ప్రైమరీలో ఓటు లేనట్టే.

మన రాష్ట్రం ఒక పార్టీకి కంచుకోట అయితే, ఆ పార్టీ నచ్చకపోయినా దాని ప్రైమరీలోనే ఓటేసి, ఉన్నవాళ్లలో మన సమస్య వినే మనిషిని పైకి తేవడం ఒక పద్ధతి. దీన్ని మోసం అనుకునేవాళ్లున్నారు. చట్టం ఒప్పుకున్న రాష్ట్రాల్లో నేను అలా అనుకోను. అవతలి పార్టీలో బలహీనుణ్ణి గెలిపించాలని వేసే ఓటు మాత్రం నాకు నచ్చదు. ఆ బలహీనుడే నవంబర్‌లో గెలిస్తే అనుభవించేది మనమే.

పైగా దీనికి ఖరీదు ఉంది. సిటిజన్ అయ్యాక నా మొదటి ప్రైమరీకి టెక్సస్‌లో వెళ్లినప్పుడు, బల్ల దగ్గర కూర్చున్న పెద్దావిడ "ఏ పార్టీ బ్యాలట్ ఇవ్వమంటారు?" అని అడిగారు. ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలియదు. వెనక లైన్లో జనం ఉన్నారని కంగారుపడి, మా వారు ఇంతకుముందు తీసుకున్నదే ఇవ్వమన్నాను. మే నెలలో నాకు నిజంగా పట్టింపు ఉన్న రనాఫ్ అవతలి పార్టీలో వచ్చింది. ఒక పార్టీ ప్రైమరీలో ఓటేస్తే ఆ ఏడాది రెండో పార్టీ రనాఫ్‌లో వేయడానికి లేదు. అసలు ప్రైమరీకే వెళ్లనివాళ్లు మాత్రం రనాఫ్‌లో ఏదైనా ఎంచుకోవచ్చు. ఇంత చిన్న సంగతి ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది.

ఎంతమంది వెళ్తారో కూడా చూడండి. 2022 మార్చి ప్రైమరీలో టెక్సస్‌లో నమోదైన 1.7 కోట్ల మందిలో రెండు పార్టీలకూ కలిపి ఓటేసింది సుమారు 30 లక్షల మంది. ఆరుగురిలో ఒకరు నిర్ణయిస్తే మిగిలిన అయిదుగురూ నవంబర్‌లో వాళ్లు మిగిల్చిన పేర్ల మీద బటన్ నొక్కుతారు. 2024 మే 13న ఆంధ్రలో ఓటేయడానికి టికెట్లు కొనుక్కుని వెళ్లినవాళ్లు మన మధ్య ఎందరో ఉన్నారు. అలాంటి ఇళ్లలోనే, ఇక్కడి పౌరసత్వం వచ్చిన పెద్దన్నయ్యకో వదినకో ప్రైమరీ ఏ నెలలోనో తెలియకపోవడం నాకు ఎప్పుడూ విడ్డూరమే.

ఈ తలనొప్పి అంతా లేకుండా ర్యాంకులు ఇచ్చే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. ఎంసెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకున్నట్టే. మొదటి కాలేజీలో సీటు రాకపోతే రెండోది చూస్తారు కదా, అలా మొదట ఎంచుకున్న అభ్యర్థి వెనకబడి తప్పుకుంటే మన ఓటు రెండో పేరుకు వెళ్తుంది. మెయిన్‌లో 2018 నుంచి, అలాస్కాలో 2022 నుంచి, న్యూయార్క్ నగర ప్రైమరీల్లో 2021 నుంచి ఇది నడుస్తోంది. గత జూన్ మేయర్ ప్రైమరీలో జోహ్రాన్ మమ్దానీ, బ్రాడ్ లాండర్ ఒకరికొకరు రెండో ర్యాంకు ఇవ్వమని తమ వాళ్లకు చెప్పుకున్నారు. మన పొత్తుకు ఇక్కడ కనిపించే దగ్గరి రూపం అదే. నవంబర్ పోలింగ్‌లో మాత్రం నగరంలో ర్యాంకులు లేవు. క్యూమోకు వ్యతిరేక ఓటంతా రావాలంటే రిపబ్లికన్ స్లివా తప్పుకోవాలని చాలామంది ఒత్తిడి చేశారు, ఆయన తప్పుకోలేదు. మమ్దానీకి సగానికి పైగా ఓట్లు వచ్చాయి కాబట్టి, స్లివా ఓట్లన్నీ కలిపినా క్యూమోకు సరిపోయేవి కావు.

ర్యాంకులతో అన్నీ తీరిపోతాయనీ కాదు. 2022 ఆగస్టులో అలాస్కాలో పెల్టోలా, పేలిన్, బెగిచ్ పోటీపడ్డారు. బ్యాలట్లన్నీ విప్పి చూస్తే మిగిలిన ఇద్దరిలో ఎవరితో ముఖాముఖి పెట్టినా బెగిచ్‌కే ఎక్కువ మంది మొగ్గారు. కానీ మొదటి ర్యాంకులు తక్కువై ముందుగా పోయింది ఆయనే. ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువ మంది పోటీలో ఉంటే, ఒక్కడి మాటే చెల్లే నియంతృత్వం తప్ప వ్యూహానికి చోటివ్వని ర్యాంకుల పద్ధతి లేదని 1970ల్లో గిబ్బార్డ్, సాటర్‌త్‌వైట్ గణితంతో నిరూపించారు. లెక్కల విద్యార్థులకు సంతోషం, ఓటర్లకు తలనొప్పి.

ఇక మన ఫిర్యాదుల విషయం. ఏ కష్టానికి ఎవరిని అడగాలో తెలియకపోతే వ్యూహం వేసినా గురి తప్పుతుంది.

గ్రీన్ కార్డు క్యూకు మూలం, ఏ ఒక్క దేశానికీ ఏటా 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న చట్టం. దాన్ని మార్చగలిగేది కాంగ్రెస్ ఒక్కటే. గవర్నర్ వల్ల కాదు, మేయర్ వల్ల అసలే కాదు. 2019 జూలైలో ఉద్యోగ వీసాల్లో ఆ పరిమితి ఎత్తేసే బిల్లు ప్రతినిధుల సభలో 365-65 తేడాతో గట్టెక్కింది. 2020 డిసెంబర్‌లో సెనేట్ తనదైన మార్పులతో ఆమోదించింది. రెండు రూపాలూ కలవక బిల్లు అలాగే పోయింది. రెండు పార్టీలవాళ్లూ సమర్థించిన బిల్లు అది. అందుకే పార్టీ పేరు చూసి ఊరుకోకుండా, ఆ అభ్యర్థి అలాంటి బిల్లుకు ఎలా ఓటేశారో వెతకండి. లక్ష డాలర్ల ఫీజు వేరే దారిలో వచ్చింది. 2025 సెప్టెంబర్‌లో అధ్యక్షుడి ప్రకటనతో పెట్టారు.

ప్రాపర్టీ టాక్స్ పూర్తిగా దగ్గరి వ్యవహారం. టెక్సస్‌లో బిల్లులో పెద్ద భాగం సాధారణంగా స్కూల్ డిస్ట్రిక్ట్‌దే. సొంతింట్లో ఉండేవాళ్లకు స్కూల్ పన్నులో మినహాయింపు 2023లో 40 వేల నుంచి లక్ష డాలర్లకు, గత నవంబర్‌లో 1,40,000కు పెరిగింది. రెండూ ఓటర్లు బ్యాలట్ మీద ఒప్పుకున్న సవరణలే. స్కూల్ బోర్డు, సిటీ కౌన్సిల్ పోటీలు చాలాచోట్ల మే నెలలో, పార్టీ పేర్లు లేకుండా జరుగుతాయి. అక్కడ ఓటు చీలికకు పార్టీ గుర్తు కూడా అడ్డు రాదు. ఇద్దరు మనవాళ్లు ఒకే సీటుకు నిలబడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? హెచ్‌ఓఏ మీద కోపం మాత్రం ఈ బ్యాలట్లలో ఎక్కడా తీరదు, దాని మీటింగుకు వెళ్లాల్సిందే.

"ఒక్క ఓటుతో ఏమవుతుంది" అనేవాళ్లకు 2017 వర్జీనియా చెబుతాను. న్యూపోర్ట్ న్యూస్‌లోని ఒక సీటులో ఇద్దరికీ సరిగ్గా 11,608 ఓట్లు వచ్చాయి. 2018 జనవరి 4న గిన్నెలోంచి చీటీ తీసి విజేతను ప్రకటించారు. రాష్ట్ర సభలో 51-49 మెజారిటీ ఆ చీటీతో తేలింది.

ఒక హెచ్చరిక అన్నిటికంటే ముఖ్యం. మా అత్తగారు గ్రీన్ కార్డు మీద వచ్చాక ఐడీ కార్డు కోసం వెళ్తే, ఫారంలో ఓటరుగా నమోదు చేయమంటారా అన్న ప్రశ్న ఉంది. పక్కన నేను లేకపోతే "అవును" అని టిక్ పెట్టేసేవారే. సిటిజన్ కానివాళ్లు ఫెడరల్ ఎన్నికల్లో ఓటేయడం నేరం. పౌరులమని చెప్పి నమోదైనా సరే, తర్వాత సిటిజన్‌షిప్ ఆగిపోవచ్చు, దేశం నుంచి పంపేయడం దాకా వెళ్లొచ్చు. గ్రీన్ కార్డు, హెచ్-1బీ, హెచ్-4 మీద ఉన్న పెద్దవాళ్లకూ పిల్లలకూ ఇది గట్టిగా చెప్పండి.

ఈ ఏడాది నియోజకవర్గాల సరిహద్దులు కూడా మారాయి. గత ఆగస్టులో టెక్సస్ గీసిన కొత్త మ్యాప్‌ను వాడుకోవడానికి డిసెంబర్‌లో సుప్రీం కోర్టు అనుమతించింది. కాలిఫోర్నియా నవంబర్‌లో 50వ ప్రతిపాదనతో తనది మార్చుకుంది. ఇల్లు మారకపోయినా మీ డిస్ట్రిక్ట్ నంబరు మారి ఉండొచ్చు. పాత కాంగ్రెస్ సభ్యుడి పేరు వెతుక్కుంటూ బూత్‌లో నిలబడకండి.

టెక్సస్ ప్రైమరీ మార్చి 3, నమోదుకు చివరి తేదీ ఫిబ్రవరి 2. డ్రైవర్ లైసెన్స్ ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేసేటప్పుడు తప్ప కొత్తగా ఆన్‌లైన్ నమోదు లేదు. ఫారం ప్రింట్ తీసి, సంతకం చేసి పోస్టులో పంపాలి. ఒకే కౌంటీలో ఇల్లు మారినవాళ్లు అడ్రస్ మాత్రం ఆన్‌లైన్‌లో మార్చుకోవచ్చు. న్యూజెర్సీ, కాలిఫోర్నియా ప్రైమరీలు జూన్ 2న. అప్పటికి చాలామంది ఇండియా టికెట్లు కొనేసి ఉంటారు కాబట్టి, ఆ రాష్ట్రాలవాళ్లు ప్రయాణం తేదీ, పోస్టల్ బ్యాలట్ వచ్చే తేదీ పక్కపక్కన పెట్టి ఇప్పుడే చూసుకోండి.