కస్తూరి పేరు ఎటు పోయింది?

కొండవీటి రెడ్డిరాజుల్లో కుమారగిరికి వసంతరాయలని పేరు. ఆయన వసంతోత్సవాలకు కర్పూరం, కస్తూరి వంటి పరిమళద్రవ్యాలు తెప్పించి ఇచ్చినవాడు అవచి తిప్పయసెట్టి. శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చింది ఈ సెట్టికే. ఆ రోజుల్లో వాసన అంటే పేరున్న సరుకు. కర్పూరం చెట్టు నుంచి, కస్తూరి మృగం నుంచి, పునుగు పిల్లి నుంచి వస్తాయని కొనేవాడికి తెలుసు. పేరును బట్టే ధర.

ఇప్పుడు మీ బాత్రూంలో ఉన్న సబ్బు రేపర్ ఒకసారి తిప్పి చూడండి. చిన్న అక్షరాల జాబితాలో ఎక్కడో 'పర్ఫ్యూమ్' అనో 'ఫ్రాగ్రెన్స్' అనో ఒక్క మాట ఉంటుంది. దాని వెనక పదుల కొద్దీ రసాయనాలు ఉండొచ్చు. పేరు చెప్పి అమ్మిన వాసన, పేరు చెప్పకుండా అమ్మే వాసనగా ఎలా మారింది?

1888లో ఆల్బర్ట్ బౌర్ అనే రసాయన శాస్త్రవేత్త టీఎన్‌టీ లాంటి పేలుడు పదార్థాల మీద పనిచేస్తుంటే, చేతికొచ్చిన ఒక పదార్థం అచ్చం కస్తూరిలా గుబాళించింది. ఆ దారిలోనే మస్క్ జైలీన్, మస్క్ కీటోన్, మస్క్ ఆంబ్రెట్ వచ్చాయి. జింకని చంపక్కర్లేదు, ఖరీదూ తక్కువ. రాజుగారి ఉత్సవంలో చల్లిన వాసన బట్టల సబ్బులోకి దిగింది. ఇందులో మంచి లేదని అనలేం.

చిక్కు తర్వాత బయటపడింది. 1955 నుంచి వాడుకలో ఉన్న ఏఈటీటీ అనే మరో కృత్రిమ కస్తూరిని ఎలుకల చర్మానికి రాసి చూస్తే వాటి లోపలి అవయవాలు నీలంగా మారాయి, నరాల మీది పొర దెబ్బతింది. 1970ల చివర్లో పరిశ్రమే దాన్ని మానేసింది. మంచిదే. కానీ అన్నేళ్లు తను పూసుకున్న సీసాలో అది ఉందో లేదో ఎవరికి తెలుసు? లేబుల్ మీద ఆ పేరే లేదు కదా! మస్క్ ఆంబ్రెట్ రాసుకుని ఎండలోకి వెళితే కొందరికి చర్మం పొక్కేది. మస్క్ జైలీన్ 1981లో జపాన్ నది చేపల్లో, 1993లో జర్మనీ తల్లుల పాలల్లో కనిపించింది. చివరికి యూరప్ ఈ రెంటినీ పక్కన పెట్టింది.

మరి పేరు రాయడానికి అడ్డేమిటి? వ్యాపార రహస్యం. అమెరికాలో 1966 నాటి లేబుల్ చట్టం ఆ రహస్యాలకు రక్షణ ఇచ్చింది. ఆ మినహాయింపు కిందే సువాసనలన్నీ ఒక్క మాటలో ఇమిడిపోయాయి. ఇంటి పులుసు గుట్టు పక్కింటికి చెప్పనట్టే ఇదీ అని వాదన. కానీ 1950ల నుంచే గ్యాస్ క్రొమటోగ్రఫీ ఉంది. పోటీ కంపెనీ ఆ సీసా కొనుక్కుని అందులో ఏముందో చాలావరకు పట్టేయగలదు. గుట్టు మిగిలింది రాసుకునేవాడికే.

అలాగని వాసనలన్నీ విషాలని కాదు. చాలామందికి ఏమీ కాదు. సహజమైనదంటే భద్రమనీ కాదు: నిమ్మతొక్కలోని లిమొనీన్, లావెండర్‌లోని లినలూల్ గాలి తగిలి మారాక కొందరి చర్మానికి పడవు. అయితే ఒకసారి ఎలర్జీ పట్టుకుంటే సాధారణంగా జన్మంతా వదలదు. మందు దురదని తగ్గిస్తుంది గానీ ఎలర్జీని తియ్యలేదు. ఆ పదార్థానికి దూరంగా ఉండటమొక్కటే దారి. పేరు తెలియనిదానికి దూరంగా ఉండటం ఎలా?

అందుకే 2003లో యూరోపియన్ యూనియన్ 26 పదార్థాల పేర్లు విడిగా రాయమంది. ఒంటి మీద ఉండిపోయే క్రీముల్లో 0.001 శాతం, కడిగేసే సబ్బుల్లో 0.01 శాతం దాటితే రాయాల్సిందే. 2023లో ఆ జాబితా 80 దాటింది. అమెరికా కూడా 2022 చట్టంలో ఎలర్జీ కలిగించే సువాసనల పేర్లు బయటపెట్టే దారి పట్టింది. ఫార్ములా మొత్తం చెప్పమని ఎవరూ అడగలేదు. పడనివాడికి పడనిదేదో చెప్పమన్నారు, అంతే. దానివల్ల అత్తరు వ్యాపారమేమీ మూతపడలేదు.

మన దగ్గర చాలా రేపర్ల మీద ఇంకా ఆ ఒక్క మాటే. చేతులు పగిలి, దురదతో నిద్రపట్టక చర్మం డాక్టర్ దగ్గర కూర్చున్న మనిషిని ఆయన మొదట అడిగేది "ఏం వాడుతున్నారు?" అని. రేపర్ చూపిస్తాం. అక్కడ జవాబు ఉండదు. తిప్పయసెట్టిని అడిగితే చెప్పి ఉండేవాడు.